గుండ్రటి దారికి టేపు

టైలరమ్మ మెడలో టేపు లేకుండా ఆ వీధిలో ఎవరూ ఆమెను చూడలేదు. నిద్రలోనూ తీయదని భర్త అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఎవరైనా గడప తొక్కితే ముందు ఆమె కళ్లు వాళ్ల భుజాలు కొలిచేవి, ఆ తర్వాతే నోరు పలకరించేది. అలాంటి మనిషి ఒకనాడు గోడమీది ప్రపంచపటాన్ని కొలిచి కూలబడిపోయింది.

దూరదేశంలో ఉన్న అక్కకు చూపు మందగిస్తోంది. "పూర్తిగా పోకముందే నీ మొహం ఒక్కసారి చూడాలనుందే" అని ఫోన్లో అడిగింది. ఊహ తెలియకముందే తల్లి పోతే టైలరమ్మను పెంచింది ఆ అక్కే. చదువు మానేసి, పాత మిషను మీద ఇరుగుపొరుగు వాళ్ల చిరుగులు కుట్టి, ఆ పని చెల్లెలికి నేర్పి, ఆమె తన కాళ్లమీద తాను నిలబడ్డాకే పెళ్లి చేసుకుని విమానమెక్కింది. తాను తినే ప్రతి ముద్దా అక్క చలవేనని టైలరమ్మ నమ్మకం.

అడ్డల్లా ఆమె కాలే. నిరుడు కాల్లో రక్తం గడ్డకట్టింది. మధ్యలో విమానం మారినా సరే, మొత్తం ప్రయాణం పదహారు గంటలు దాటకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అందుకే పటం మీద ఇక్కడి విమానాశ్రయం నుంచి అక్కడిదాకా టేపు లాగింది. భర్త ఒకప్పుడు చేసిన విమాన ప్రయాణంతో పోల్చి లెక్కకడితే ఇరవై గంటలు తేలింది. రాలేనని చెప్పడానికి ఫోను తీసి, నంబరు నొక్కకుండానే పెట్టేసింది.

"నీ కొలతకు తిరుగులేదనుకో. అయినా టికెట్ల షాపులో ఓసారి అడిగితే పోయేదేముంది?" అని భర్త ఆమెను బయల్దేరదీశాడు.

షాపాయన అంతా విన్నాడు, నవ్వలేదు. ఫైళ్ల వెనకనున్న గ్లోబు ముందుకు లాగి, "ఆ టేపు ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు. రెండు ఊళ్ల మధ్యా దాన్ని బిగించి ఆనించాడు.

"ఇదేంటండీ, పైనున్న మంచు మీదుగా పోతోంది? నేను సముద్రం మీదుగా అడ్డంగా కొలిచాను."

"భూమి గుండ్రం కదమ్మా. గోడకు తగిలించడానికి దాన్ని సాగదీసి పరిచారు. విమానం ఇలాగే పోతుంది. పదిహేను గంటలు, మధ్యలో దిగే పని కూడా లేదు."

టైలరమ్మ నాలుక్కరుచుకుంది. "పొట్ట ఉన్నవాళ్లకు గాల్లో టేపు పట్టకండే, ఒంటికి ఆనించండి" అని పని నేర్చుకునే పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకునేది తనే. ఆ మాట పైకి అనేసింది. ముందు భర్త నవ్వాడు, తర్వాత ముగ్గురూ నవ్వారు.

డాక్టరు సరేనన్నాడు, మధ్యమధ్యలో లేచి నడవమన్నాడు. షాపాయన అందుకు వీలుగా నడవ పక్క సీటే వెతికి ఇచ్చాడు. ఆయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు టైలరమ్మకు. జారిపోయిన ఆయన చొక్కా భుజాలకేసి చూసి, "తిరిగొచ్చాక మీకో చొక్కా కుడతాను. కొలతలు అప్పుడే చూసేశాను" అంది.

అక్కడ విమానాశ్రయంలో అక్క ఆమె గడ్డం పట్టుకుని అద్దాల గోడ దగ్గరికి, వెలుగులోకి తీసుకెళ్లింది. మొహం మొహానికి దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"అచ్చం అమ్మలాగే ఉన్నావే" అంది.

తల్లి మొహం టైలరమ్మకు గుర్తులేదు. అక్క చేతులు రెండూ తన చెంపలకు అదుముకుంది.

"నాకు అమ్మ మొహమంటే నీదే అక్కా."