కూలని ఇల్లు

ఏ గదిలోకి వెళ్లినా ఆమె ముందు స్తంభం మీద అరచెయ్యి ఆనిస్తుంది. "జ్వరమేమైనా ఉందా దానికి?" అంటారు అత్తగారు. "ఇంకా రాలేదత్తయ్యా," అంటుంది ఆమె చెప్పులు విప్పుతూ. భూకంపాలకు ఇళ్లు ఎలా కూలతాయో పరిశోధించే ఇంజనీరు ఆమె. ప్రయోగశాలలో ఇనుప బల్ల మీద నడుమెత్తు ఇల్లు కట్టించి, బల్లను ఊపించి, పగుళ్ల వెంట ఎర్ర సుద్దతో గీస్తుంది. చున్నీ అంచుకు ఎప్పుడూ ఆ ఎరుపు అంటుకునే ఉంటుంది.

మొన్న ఊపిన ఇల్లు, కట్టబోయే ఒక బడికి నమూనా. నిబంధనల్లో చెప్పినంత గట్టిగా ఊపినా పెచ్చు కూడా రాలలేదు. దాన్ని కట్టిన మేస్త్రీ మిఠాయి పొట్లం విప్పాడు. "గట్టి పిండమమ్మా! సంతకం పెట్టేయండి, పునాది తీస్తారు." ఆమె మిఠాయి ముట్టలేదు, సంతకమూ పెట్టలేదు. "ముందు ఎక్కడ విరుగుతుందో తెలియకుండా పిల్లల్ని ఎలా కూర్చోబెడతాం మేస్త్రీ?" "కూలకపోయినా తంటాయేనా!" అని ఆయన తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ చిన్న ఇంటి స్తంభం మీద కాసేపు చెయ్యి ఆనించి, పక్కకు జరిగి, బల్లను ఇంకా గట్టిగా ఊపించింది. అన్నిటికంటే ముందు గుమ్మం పక్క స్తంభం విరిగింది. పిల్లలు బయటికి పరుగెత్తే దారి అదే. ఆమె వంగి అక్కడ ఎర్రగా గీత గీసి, "మేస్త్రీ, ఇప్పుడు తెండి మిఠాయి," అంది.