పాఠం పెట్టే ఖాజా చాచా

చీర కొంగుతో ఫోను అద్దం తుడుస్తుంటే కీచుమని సన్నటి చప్పుడొకటి వస్తుంది. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి ముందు గదిలో వారానికి మూడు రోజులు, ఆన్‌లైన్ క్లాసుకు ముందు, ఆ చప్పుడు వింటాను. కెమెరా కన్ను తుడవాలి. చార్జింగ్ వైరు ఊడేలా ఉందేమో చూడాలి. ఫ్యాను చప్పుడు పాఠంలో కలవకుండా తగ్గించాలి. ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, నా ముఖమూ వెనక బోర్డూ రెండూ పడుతున్నాయో లేదో ఒకసారి అవతలి వైపు నుంచి చూసుకోవాలి. పది గంటల క్లాసుకు తొమ్మిదింబావుకే ఈ తతంగం మొదలవుతుంది. "పెళ్లిచూపులకు కూడా నువ్వింత తయారు కాలేదు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నవ్వి ఊరుకుంటాను. ఆయన ఖాజా చాచాను చూడలేదు. చాచా లెక్కలో ముప్పావు గంట ముందు మొదలుపెట్టడమంటే బద్ధకమే.

నేను చాచాను చూసేనాటికి రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయింది. అమరచింత దగ్గర ఒక చిన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదివేదాన్ని. లెక్కల గ్రూపులో మేం తొమ్మిది మందిమి. లెక్కల లెక్చరర్ బదిలీ మీద వెళ్లిపోయాడు, ఆయన స్థానంలో ఇంకెవరూ రాలేదు. ఇక మాకు మిగిలిన లెక్కల సారు ఒక టీవీ. హైదరాబాదులో స్టూడియోలో ఒక సారు బోర్డు ముందు నిలబడి చెప్పే పాఠం, ఆయన చెబుతున్న ఆ నిమిషంలోనే, ఆకాశం మీదుగా వచ్చి మా డాబా మీది డిష్‌లో పడి టీవీలో కనిపించేది. చివరి పది నిమిషాల్లో ఏ ఊరి పిల్లలైనా ఫోన్ చేసి అనుమానం అడగవచ్చు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే "అంతేనా మేడం" అంటారు. మాకు మాత్రం హైదరాబాదు సారు మన గొంతు వినడమంటే మామూలు సంగతి కాదు.

ఆ టీవీని పెట్టేది, ఆపేది, కాపాడేది మా కాలేజీ అటెండరు ఖాజా చాచా. యాభై దాటిన సన్నటి మనిషి. సొంత ఊరు అయిజలో చాలా ఏళ్లు రేడియోలు బాగుచేసి, తరువాత ఈ ఉద్యోగంలో చేరాడు. పెన్ను ఉండాల్సిన జేబులో ఎప్పుడూ కరెంటు టెస్టర్ ఉండేది. "టీవీ పెడుతున్నా" అనేవాడు కాదు, "పాఠం పెడుతున్న" అనేవాడు, అన్నం పెడుతున్నట్టు. పదకొండు గంటల పాఠానికి పొద్దున ఎనిమిదికే కాలేజీకి వచ్చేవాడు. ముందు డాబా ఎక్కి డిష్‌ను చూసేవాడు. ఆయన దాన్ని ఛత్రి అనేవాడు. రాత్రి గాలికి కదిలిందా, పిచ్చుకలు పుల్లలు పెట్టాయా, వైరు అతుకులో నీళ్లు దిగాయా, అన్నీ చేత్తో తడిమి చూసేవాడు. కిందికి వచ్చి బ్యాటరీలో నీళ్లు చూసేవాడు. ఫోను ఎత్తి లైను పలుకుతోందో లేదో వినేవాడు. కిటికీకి దుప్పటి కట్టేవాడు, ఎండ పడితే టీవీలో బోర్డు కనిపించదని. చివరికి దస్తీతో తెర తుడిచి, రెండడుగులు వెనక్కి జరిగి, పెళ్లికొడుకును చూసినట్టు తృప్తిగా చూసుకునేవాడు.

గాలివాన వచ్చిన మర్నాడు డిష్‌ను మళ్లీ సరిచేయాల్సి వచ్చేది. అప్పుడు మా అందరికీ పని పడేది. చాచా డాబా మీద, ఒకరు మెట్ల పైన, ఒకరు మెట్ల కింద, ఒకరు కిటికీ దగ్గర, నేను టీవీ ముందు. తెర మీద సిగ్నల్ ఎంతుందో అంకె కనిపించేది. నేను "నలభై రెండు" అంటే ఆ అంకె నోటినుంచి నోటికి డాబా ఎక్కేది. చాచా గోరంత తిప్పేవాడు. "యాభై ఒకటి!" మళ్లీ గోరంత. మధ్యలో ఎవరికైనా తుంటరితనం పుట్టి యాభైని తొంభై చేసి పైకి పంపితే, "తొంభై ఈ ఛత్రికి దాని జన్మల రాదు, నిజం చెప్పుండ్రి!" అని పైనుంచి కేక వినిపించేది. నేను గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నది ఆ అంకెలతోనే. అంతవరకు మా ఇంట్లో నా గొంతు ఎలా ఉంటుందో మా నాన్నకే సరిగా తెలియదు.

పరికరాలు సిద్ధం చేస్తే సరిపోతుందని చాచా ఎన్నడూ అనుకోలేదు. "డబ్బ తయారైంది. మీరు తయారైండ్రా?" అని అడిగేవాడు. నీళ్లు తాగి రావాలి, చెప్పులు బయట వరుసగా విడవాలి, నిన్నటి పాఠంలో అర్థం కానిది చిన్న కాగితం మీద రాసి చేతిలో పెట్టుకోవాలి. తెర మీద సారు రాగానే అందరం లేచి నిలబడాలి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"చాచా, ఆ సారుకు మనం కనబడం గద. ఎందుకు లేసుడు?"

"నీకు ఆయన కనబడుతుండు గద బిడ్డా. అంత దూరంనుంచి వస్తుండు, కూసోని చూస్తవా?"

నవ్వుకుంటూ లేచేవాళ్లం. కొన్నాళ్లకు నవ్వు పోయి, లేవడం మిగిలింది.

ఆ ఏడు దసరా సెలవులకు వారం రోజుల ముందు ప్రిన్సిపాల్ సారు ఒక కబురు చెప్పారు. టీవీ సరిగా వాడుకోని కాలేజీల నుంచి సెట్లు తీసి, అడుగుతున్న కాలేజీలకు ఇస్తారట. సెలవులకు ముందు ఆఖరి పాఠం నాడు జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి మా సెట్టు చూస్తారట. అప్పటివరకు మేం ఒక్కసారి కూడా స్టూడియోకు ఫోన్ చేయలేదు. సిగ్గు. చాచా మమ్మల్ని కూర్చోబెట్టి, "మనం మాట్లాడకపోతె పండుకున్నమనుకుంటరు. ఆ రోజు మననుంచి ఒక ప్రశ్న పోవాలె. పద్మా, నువ్వడుగుతవ్" అన్నాడు. ఇంటికెళ్లి చెబితే మా నాన్న ఇంకో మాట అన్నాడు. "సారు లేకపాయె. ఉన్న డబ్బ గూడ పోతె ఇంక కాలేజికి ఎందుకు పోవాలె? పత్తి తీసే కాలం, చేన్లకు రా." ఆయన కోపంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. అందుకే ఎక్కువ భయమేసింది. ఆ టీవీ పోతే నా చదువు ఆగిపోవడం ఖాయం.

ఆఖరి పాఠం రోజు రానే వచ్చింది. దసరాకు మా ఊళ్లో నాగలికి, ట్రాక్టరుకు, కుట్టుమిషనుకు, అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ పసుపు రాసి బంతిపూలు కడతారు. పండుగనాటికి కాలేజీ ఉండదని, ఛత్రికి ముందే పూజ చేద్దామనుకున్నాను. ముందు రోజు సాయంత్రం మా చేను గట్టున పూసిన బంతిపూలు తెంపి, రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున్నే మూరెడు కాదు, నాలుగు మూరల దండ గుచ్చాను. చాచా డిష్ చూసి దిగిపోయాక, ఎవరూ చూడకుండా డాబా ఎక్కాను. ఎక్కడ కట్టాలో అర్థం కాలేదు. ఆ పెద్ద గిన్నె ముందు, కడ్డీ చివర, ముక్కులాగా ఒకటి పొడుచుకు వచ్చి ఉంది. బొట్టు పెట్టడానికి ముఖమంటే అదే అనిపించింది. దానికి తడి పసుపు మందంగా పట్టించి, బొట్టు పెట్టి, మామిడాకులతో సహా దండను చుట్లు చుట్లుగా కట్టి, చేతులు జోడించి వచ్చేశాను. ఎంత బాగా కట్టానో అని మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి కూడా చూసుకున్నాను.

పదిన్నరకు ఆఫీసరు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చాచా టీవీ పెట్టాడు. తెరంతా నీలం. సిగ్నల్ సున్నా. చాచా ముఖంలో నేనెప్పుడూ చూడని పరేషానీ కనిపించింది. డబ్బా వెనక వైరు తీసి పెట్టాడు, ఇంకో వైరు మార్చాడు, మూత విప్పి ఊదాడు. పొద్దున తానే పైన చూసి వచ్చాడు గనుక పైన ఏమీ ఉండదని ఆయన నమ్మకం. పాఠం మొదలై పావుగంట గడిచింది. పూలకూ పాఠానికీ సంబంధం ఏముంటుందని నేనూ అనుకున్నాను గానీ, ఒకటికి రెండుసార్లు డాబా మెట్ల వైపు చూశాను. ప్రిన్సిపాల్ సారు లేచి, "ఎవరు చెడగొట్టారు దీన్ని? చెప్పకపోతే అందరి టీసీలూ ఇచ్చి పంపేస్తా!" అని అరిచారు. అందరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను.

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు చాచా. స్క్రూడ్రైవరు కింద పెట్టి మా వైపు తిరిగాడు. ఆ రోజు ఆయన ఉద్యోగం మీదికీ వచ్చేదే, అయినా గొంతులో ప్రిన్సిపాల్ సారు వేడి లేదు. "బిడ్డలారా, నేను ఎనిమిదిన్నరకు దిగిన. అప్పుడంత మంచిగుండె. నేను దిగినంక ఎవరన్న పైకి పోయిండ్రా? పోతె పోయిండ్రు, ఏం కాదు. చెప్తె నాకు పని అల్కగైతది."

"నేను పోయిన చాచా" అన్నాను.

"ఏం జేసినవ్ పద్మా?"

"పూజ జేసిన."

చాచా తలుపు వైపు కదులుతూ, "ముక్కుకు గిట్ల కట్టినవా ఏంది?" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు, వెనక నేను, నా వెనక ఆఫీసరు. డాబా మీద ఛత్రి పెళ్లికూతురులా మెరిసిపోతోంది. "ఆకాశంలకెళ్లి వచ్చేదంత ఈ గిన్నెల పడి ఈ ముక్కులకు పోతది బిడ్డా. నువ్వు తడిపూలతోని ముక్కు మూసినవ్" అంటూనే చాచా దండ తెంపలేదు. చుట్టు చుట్టు విప్పాడు, దస్తీతో పసుపంతా తుడిచాడు. ఆ దండను నా చేతికే ఇచ్చి, "పూజ మంచిదే. ముందటికి గాదు, ఎనకకు కట్టు" అని డిష్ వెనక నిలువు పైపు చూపించాడు. అక్కడ కట్టాను. కిందినుంచి అరుపులు మెట్లెక్కుతూ వచ్చాయి. "ఇరవై! నలభై! అరవై రెండు! సారొచ్చిండు, సారొచ్చిండు!"

దిగి వచ్చేసరికి ప్రశ్నల సమయం నడుస్తోంది. చాచా టీవీ గొంతు తగ్గించాడు, తగ్గించకపోతే ఫోనులో కూత వస్తుందని. నంబరు తిప్పాడు, మళ్లీ తిప్పాడు, ఐదోసారికి కలిసింది. ఫోను నా చేతిలో పెట్టి, "అంకెలు చెప్పినట్టె చెప్పు" అన్నాడు. చెప్పాను. "సార్, బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖ పొడవు కట్టే సూత్రంలో, వృత్తం లోపలి బిందువు వేస్తే వర్గమూలం కింద ఋణసంఖ్య వచ్చింది. నేనెక్కడ తప్పు చేశాను?" తెర మీది సారు నవ్వారు. "నువ్వేం తప్పు చేయలేదమ్మా. లోపలి బిందువు నుంచి స్పర్శరేఖ గీయలేవని ఆ లెక్కే నీకు చెబుతోంది. ఈ అమ్మాయిది ఏ కాలేజీ?" చెప్పాను. ఆయన మా కాలేజీ పేరు పైకి అన్నారు. మిగతా ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. చాచా కొట్టలేదు, దస్తీతో ముఖం తుడుచుకుంటూ గోడ వైపు తిరిగాడు.

ఆఫీసరు తన పుస్తకంలో ఏదో రాసి, ప్రిన్సిపాల్ సారుతో, "వాడుకోని సెట్టుకు ఎవరూ దండ వేయరండీ. ఇది ఇక్కడే ఉంటుంది" అని నవ్వుతూ వెళ్లిపోయారు. ఆ ఏడు మా తొమ్మిది మందిలో ఎనిమిది మందిమి లెక్కలు పాసయ్యాం. నేను డిగ్రీలో చేరేటప్పుడు మా నాన్నే బస్సు ఎక్కించాడు, పత్తి మాట ఎత్తలేదు.

సెలవుల తరువాత ఒకరోజు బ్యాటరీలో నీళ్లు పోస్తున్న చాచా దగ్గరికి వెళ్లి, "ఆ రోజు నన్నెందుకు తిట్టలే?" అని అడిగాను. ఆయన ఆలోచించి జవాబు చెప్పే మనిషి కాదు, పని చేస్తూనే చెప్పాడు. "తిడితె మళ్లోసారి చెప్తవా? నువ్వు చెప్పకపోతె నేను పొద్దుమూకె దాంక ఆ డబ్బనే విప్పుకుంట కూసుంటుంటి." అంతే అన్నాడు. నీళ్ల సీసాకు మూత పెట్టమని నాకు ఇచ్చాడు.

చాచా రిటైరై అయిజకు వెళ్లిపోయాడు. నేను లెక్కల టీచరునయ్యానని ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇవాళ రేపు అంటూ రాయనే లేదు. ఆయన పోయాడని ఆలస్యంగా తెలిసింది. ఆ సిగ్గు నాకింకా ఉంది. ఆయన వింటే "గదేం పెద్ద మాట, తియ్" అనేవాడని తెలిసినా ఉంది.

మొన్న బుధవారం ఆన్‌లైన్ క్లాసులో ఇరవై ఆరుగురు పిల్లలు. కెమెరాలన్నీ ఆపి ఉన్నాయి, పేర్లు మాత్రం కనిపిస్తున్నాయి. "అర్థమైందా?" అంటే వరుసగా "అయింది మేడం, అయింది మేడం" అని వచ్చాయి. ఇచ్చిన లెక్క ఒక్కరు కూడా చేయలేకపోయారు. నాకు ఒళ్లు మండింది. ప్రిన్సిపాల్ సారు మాటే నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆగి, ఒక గుక్క మంచినీళ్లు తాగి, "ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో చెప్పండి. ఏమీ అనను. చెబితే నాకే పని తేలికవుతుంది" అన్నాను. అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే కష్టం. చాలాసేపటికి కొల్లాపూర్ పిల్ల శిరీష మైకు తెరుచుకుంది. వెనక ఎక్కడో మేక అరుస్తోంది. "మేడం, నాకు సోమవారం నుంచే అర్థం కాలే" అంది. ఆ వెంటనే ఇంకొకరు, ఆ తరువాత ఒకేసారి నలుగురు.

"మంచిపని చేశావు శిరీషా" అని, బోర్డంతా తుడిచి సోమవారం పాఠం మొదటి నుంచి మొదలుపెట్టాను.