బేస్ పెట్టెకు చోటు చూపిన శౌరయ్య

"పిల్లకి నేనంటే భయం పట్టుకుందేమో పార్వతీ."

ఈ ఒక్క మాట పైకి అనడానికి సీతారామారావుకు నాలుగు రోజులు పట్టింది. భార్య శివపార్వతి చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆరు నెలల పిల్లకి భయాలేం తెలుస్తాయండీ, ఊరుకోండి అంది గానీ తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడంలోనే అతనికి జవాబు దొరికింది.

సీతారామారావు తిరువూరు హైస్కూల్లో సైన్సు మేష్టారు. బీయస్సీలో ఫిజిక్సు చదివాడు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ అతనికి కంగారే. పడుకున్న పిల్ల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టేవాడు. లెక్క నలభై దాటితే ఒక బెంగ, ముప్పైకి తగ్గితే ఇంకో బెంగ. అంత కళ్లలో వత్తులు వేసుకుని చూసుకుంటున్న పిల్ల, తను ఎత్తుకోబోతే మొహం తిప్పి తల్లి భుజంలో దాక్కుంటోంది. పాలమనిషి పలకరిస్తే నవ్వుతుంది. పక్కవాటా వాళ్ల ముసలమ్మ దగ్గరికి చేతులు చాపుతుంది. వాళ్లదాకా అయితే సర్దుకుపోయేవాడే. పిల్ల అందరికంటే ఎక్కువ నవ్వేది మైకుసెట్టు శౌరయ్య దగ్గర. అదే అతనికి మింగుడుపడలేదు.

బస్టాండు రోడ్డులో శౌరయ్యది చిన్న కొట్టు. రేడియోలు బాగుచేస్తాడు, పెళ్లిళ్లకూ చర్చి పండగలకూ నెమలి ఊళ్లో జరిగే తిరనాళ్లకూ మైకులు కడతాడు. నలభై అయిదేళ్లుంటాయి. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ చొక్కా జేబులో ఒక టెస్టరుతో ఉంటాడు. పుట్టింది ఎ.కొండూరు దగ్గర. అమ్మా నాన్నా కూలి పనులకు పోయేవాళ్లు. ఐదో తరగతితో బడి మానేసి, పెద్దవాడయ్యాక ఒక టూరింగ్ టాకీసులో చేరాడు. తెర వెనక పెద్ద స్పీకరును నిలబెట్టడం అక్కడ అతని పని. ఊరూరా నేల మారుతుంది. ఒకచోట నల్లరేగడి, ఒకచోట గట్టి సిమెంటు చపటా, ఒకచోట రైసుమిల్లు రేకుల షెడ్డు. ఎక్కడికక్కడ స్పీకరు ఎక్కడ కూర్చుంటే మాట బాగుంటుందో చూసుకోవాలి. పక్కన జనరేటరు హోరు పెడుతుంటే చెవితో ఏం తేలుతుంది? అందుకని ప్రేక్షకులు కూర్చునే బెంచీల మీద అరచెయ్యి ఆనించి చూడటం అలవాటు చేసుకున్నాడు. ఎనిమిదేళ్లు అలా తిరిగి, పెళ్లయ్యాక తిరువూరులో కొట్టు పెట్టాడు.

ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులే. సీతారామారావుకు మాత్రం శౌరయ్య పేరు ఎత్తగానే పోయినేడు బడి వార్షికోత్సవం గుర్తొచ్చేది. స్టేజి మీద మైకు పెడితే స్పీకరు కుయ్యిమని కూసింది. స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకే దూరుతోందని సీతారామారావుకు తెలుసు. తొమ్మిదో తరగతికి పాఠం చెప్పినవాడే. బోర్డు మీద గీసినంత వివరంగా చెబుతుండగా హెడ్మాస్టరు జగన్నాథరావు గారు మధ్యలో ఆపి, "అదంతా రేపు క్లాసులో చెప్పండి మేష్టారూ, ముందు శౌరయ్యకి కబురు పెట్టండి" అన్నారు. శౌరయ్య వచ్చి స్పీకరును నాలుగు అడుగులు ముందుకు జరిపాడు. కూత ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు అడుగులూ జరిపేటప్పుడు వైరు ఎత్తి పట్టుకున్నవాడు సీతారామారావు.

అప్పుడే మనసులో పంతం పట్టాడు. బెజవాడ నుంచి పన్నెండంగుళాల స్పీకరు తెప్పించాడు. పుస్తకంలో లెక్కలు చూసి, టేకు పలకలతో లోతైన పెట్టె చేయించాడు. అది బేస్‌కు, పాటలో అడుగున ఉండే బరువైన శబ్దానికి, అంటే డోలు దరువుకీ వీణ మంద్రానికీ మాత్రమే. మిగతా పాటకు వేరే చిన్న స్పీకరు ఉంది. బేస్ పెట్టె వణికితే శబ్దం పాడవుతుందని పుస్తకంలో ఉంది. అందుకని పడమటి గోడకు ఇనప పట్టీలు బిగించి, వాటికి బోల్టులతో పెట్టెను కదలకుండా కట్టేశాడు. ఎదురుగా గది మధ్యలో తన పడక్కుర్చీ వేసుకున్నాడు. గది మూల దూలానికి గొలుసులతో పాప ఉయ్యాల వేలాడుతోంది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే పాపను తనే ఉయ్యాల్లో పడుకోబెట్టి, సన్నాయి రికార్డు పెట్టి, కుర్చీలో కూర్చునేవాడు. పిల్లకు మంచి సంగీతం పుట్టుక నుంచే అలవాటు కావాలని ఆశ.

కానీ కుర్చీలో కూర్చుంటే డోలు వినిపించేది కాదు. సన్నాయి వస్తుంది, డోలు ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టు ఉంటుంది. ఇంత చేసి ఇంతేనా అని అతను ప్రతిరోజూ శబ్దం పెంచే మీట ఇంకొంచెం తిప్పేవాడు. పాప ఏడుపు అందుకునేది. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాడు. చెవిపోటేమో అని డాక్టరుకు చూపించాడు. చివరికి ఆంప్లిఫైయరు మీద ఎర్ర బల్బు వెలిగితే చాలు, ఇంకా పాట మొదలు కాకుండానే పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బల్బు దాకా కూడా రానక్కర్లేకపోయింది. బడి నుంచి తను వచ్చి చెప్పులు విడిస్తే చాలు.

ఒక ఆదివారం శివపార్వతి కూరలకు వెళ్లి ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ బయల్దేరాడు. పాప శౌరయ్య కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. పక్కనే ఒక పెద్ద పెట్టెలోంచి డోలు దబదబమని వస్తోంది. గుండ్రంగా, నిండుగా, ఒక్కో దెబ్బా విడివిడిగా. తన ఇంట్లో ఏడాదిగా వెతుక్కుంటున్న శబ్దం అది. పాప ఆ పెట్టె గుడ్డ మీద చేత్తో తడుతూ కిలకిలా నవ్వుతోంది. శౌరయ్య పాప నడుము పట్టుకుని, "కొట్టు తల్లీ, నువ్వు కొడితేనే మోగుద్ది" అంటున్నాడు.

సీతారామారావు కొట్టులోకి వెళ్లలేదు. రోడ్డుకు అవతల సైకిళ్ల వెనక నిలబడి కాసేపు చూసి ఇంటికి వచ్చేశాడు. పెట్టె మీద అసూయో పిల్ల నవ్వు మీద అసూయో అతనికే తెలియలేదు. ఆ రోజు భార్య ఏది అడిగినా ఒక్క మాటతో జవాబిచ్చాడు. వాడి ఆంప్లిఫైయరు పాత ట్యూబులది, ఎప్పుడో తగలబడుతుంది అని మాత్రం అన్నాడు. శివపార్వతి ఎవడిదని కూడా అడగలేదు.

అన్నప్రాశన గురువారం పెట్టుకున్నారు. పెనుగొలను నుంచి అత్తగారు పిచ్చమ్మ, బావమరిది అంకారావు వచ్చారు. శౌరయ్యను పిలవాలని శివపార్వతి పట్టుబట్టింది. మైకు కట్టడానికా అని సీతారామారావు అడిగాడు. భోజనానికి అని ఆమె చెప్పింది. సరే అన్నాడు. పిలిస్తేనే మంచిదనుకున్నాడు కూడా. మన పెట్టె ఎలా ఉంటుందో వాడూ వింటాడు.

పిల్లను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. వెండి గిన్నెలో పాయసం. నాన్న చేత్తోనే మొదటి ముద్ద అని పిచ్చమ్మ అంది. అంతవరకూ పాప బాగానే ఉంది. అంకారావు ఊరికే కూర్చోలేక, బావ కట్టిన మేళం మనమూ విందామంటూ ఆంప్లిఫైయరు స్విచ్చి నొక్కాడు. ఎర్ర బల్బు వెలిగింది.

పిల్ల కెవ్వుమంది. పాయసం గిన్నె దొర్లింది. ఒళ్లో విల్లులా వెనక్కి వంగిపోయి ఊపిరి తిరగనంతగా ఏడ్చింది. తల్లి తీసుకుంది, అమ్మమ్మ తీసుకుంది, ఊరుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న శౌరయ్య చేతులు చాపితే అటు దూకింది. అతను వీధిలోకి తీసుకుపోయి రెండు నిమిషాల్లో ఏడుపు ఆపించాడు. చివరికి మొదటి ముద్ద మేనమామ అంకారావు పెట్టాడు, శౌరయ్య చంకలో ఉన్న పిల్లకి, వీధి అరుగు మీద.

భోజనాలయ్యాక మగవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. అంకారావు నవ్వులాటకు, "బావా, పిల్ల నీ మొహం చూసి కాదులే, నీ డిగ్రీ చూసి భయపడింది" అన్నాడు. లోపల శివపార్వతి శౌరయ్యతో మాట్లాడుతోంది. అన్నా, ఆ పెట్టెలో ఏదైనా తేడా ఉందేమో ఒకసారి చూడు, మా ఆయన రాత్రిళ్లు నిద్రపోవడం లేదు అంటోంది. ఆ మాట సీతారామారావుకు వినబడింది. లేచి లోపలికి వెళ్లాడు.

శౌరయ్య పెట్టెను తట్టి చూశాడు. బోల్టులు చూశాడు. "పెట్టె చాలా బాగుంది సార్. మా కొట్టులో ఉన్నదానికంటే బాగుంది. చోటే బాగాలేదు" అన్నాడు.

పొగడ్త కూడా గుచ్చుకుంది. చోటు బాగాలేకపోవడమేంటి, గోడకు ఆనించి బేస్ పెరగాలనే కదా పెట్టింది అని సీతారామారావు అన్నాడు. తరంగాలు గోడల మధ్య తిరిగివచ్చి ఒకచోట కూడుకుంటాయి, ఒకచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి అని కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాడు. కొట్టేసుకునే చోటు సరిగ్గా తన పడక్కుర్చీ దగ్గరే. మరి కూడుకునే చోటు?

శౌరయ్య ఇవేమీ వినిపించుకున్నట్టు లేడు. "మీరొకసారి ఆ ఉయ్యాల కింద కూర్చుని, గొలుసు పట్టుకోండి సార్. నేను రికార్డు పెడతాను, మీరు రోజూ పెట్టుకునేంత."

పాపను అంకారావు చేతికిచ్చి వీధి చివరకు పంపించారు. సీతారామారావు మూలన నేల మీద కూర్చుని గొలుసు పట్టుకున్నాడు. డోలు మొదలైంది. మొదటి దెబ్బకే గుండె మీద ఎవరో గుద్దినట్టయింది. కుర్చీలో ఏడాదిగా వినబడని డోలంతా ఈ మూలన పోగుపడి ఉంది. దానికి తోడు చేతిలో గొలుసు తేనెటీగల్లా జుమ్మంటోంది. పెట్టె గోడకు బిగించి ఉంది, గోడ మీద దూలం ఉంది, దూలానికి గొలుసు, గొలుసుకు ఉయ్యాల. పెట్టె వణక్కుండా తను కట్టేసిన వణుకంతా తిన్నగా వచ్చి పిల్ల వీపు కింద దిగుతోంది. తనకు వినబడటం లేదని తను మీట తిప్పాడు, రోజుకింత.

"ఆపండి శౌరయ్య గారూ" అన్నాడు.

అతను మొదటిసారి గారూ అన్న సంగతి ఇద్దరూ గమనించలేదు. శౌరయ్య బోల్టులు విప్పాడు. పెట్టెను మోసుకొచ్చి పడక్కుర్చీలో కూర్చోబెట్టాడు. అది చూసి సీతారామారావుకు నవ్వొచ్చింది, ఈసారి శౌరయ్య తప్పు చేసి దొరికిపోయాడనుకున్నాడు. శౌరయ్య పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద వంగి, పాట మోగుతుండగా గోడ వెంబడి పాక్కుంటూ పోయాడు, తల నేలకు మూరెడు ఎత్తులో. తలుపు దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు. కిటికీ కింద ఒక అడుగు వెనక్కి వచ్చాడు. ధాన్యం గాదె పక్కన ఆగిపోయి, మీరూ వచ్చి వినండి అన్నాడు. సీతారామారావు కూడా మోకాళ్ల మీద వెళ్లాడు. అక్కడ డోలు గుండ్రంగా వినిపించింది, శౌరయ్య కొట్టులోలాగే.

కుర్చీలో ఉన్న పెట్టె ఇక్కడ బాగా వినిపిస్తే, ఇక్కడ పెట్టిన పెట్టె కుర్చీలోనూ అంతే బాగా వినిపిస్తుంది. దారి ఒకటే, ఎటునుంచి నడిచినా ఒకటే. ఈ సూత్రం సీతారామారావు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. మోకాళ్ల మీద పాకాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో శౌరయ్య మీద వచ్చినంత అసూయ అంతకుముందెన్నడూ రాలేదు. వణుకు నేలలోకి దిగకుండా, కొట్టు నుంచి తెప్పించిన పాత స్కూటరు ట్యూబులో కొంచెం గాలి కొట్టి నేల మీద పరిచి, దానిమీద నాపరాయి పలక, పలక మీద పెట్టె పెడుతుంటే, ట్యూబు పేలాలని కూడా ఒక మనసు కోరుకుంది. పేలలేదు. రికార్డు పెట్టారు. మీట సగం కూడా తిప్పకుండానే కుర్చీలోకి డోలు వచ్చింది. గొలుసు పట్టుకుంటే చేతికేమీ తెలియలేదు.

పిల్ల వెంటనే ఒళ్లోకి దూకలేదు. ఎర్ర బల్బు చూస్తే మూడు వారాల దాకా ఏడుపు మొహం పెడుతూనే ఉంది. బల్బు మీద నల్ల గుడ్డ కట్టమన్నదీ శౌరయ్యే. నాలుగో వారం ఒక సాయంత్రం చెప్పులు విడుస్తుంటే పాప ఏడవలేదు. చూసింది, అంతే. ఇంకొన్నాళ్లకు, పాట మోగుతుండగానే అతని చొక్కా గుండీ పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఆ సంగతి చెప్పడానికి అతను మొదట పరుగెత్తింది శౌరయ్య కొట్టుకే. పాప తన దగ్గరికి వచ్చిందని చెబుతుంటే గొంతులో కాస్త గొప్ప కూడా వినిపించింది. శౌరయ్య టంకం పెడుతున్న చెయ్యి ఆపకుండా విన్నాడు.

"ఇల్లన్నాక ఒక్క కుర్చీయే ఉండదు కదా సార్. మీకు బాగుందో లేదో తర్వాత చూసుకోండి. ముందు అందరికంటే చిన్నవాళ్లు పడుకునే చోటికెళ్లి కూర్చోండి. అక్కడ చెయ్యి పెట్టి చూసి, అప్పుడు మీట తిప్పండి."

సీతారామారావు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. సాయంత్రం రికార్డు పెట్టాక పడక్కుర్చీ వైపు వెళ్లడు. ముందు ఉయ్యాల కింద నేల మీద కూర్చుని, గొలుసు పట్టుకుని, ఒక పాట మొత్తం అయ్యేదాకా అక్కడే ఉంటాడు.