రొట్టెల పొయ్యి తలుపు ఎక్కించిన కతాల్దో

మా కొండమీది ఊరు మోంటెస్పిగాలో రొట్టెల పొయ్యికి ఇనుప తలుపు ఎక్కించినవాడు కతాల్దో. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. రేవునుంచి కొండమీదికి ఆరువందల నలభై మెట్లు. నలుగురు మొనగాళ్ళు ఆ తలుపుని సగం దారిలోనే దించేసి పోయారు. కతాల్దో దాన్ని కంచరగాడిద మీద కట్టుకుని, మూడు రోజులకి పైకి తెచ్చాడు. ఇవాళ్టికీ మా ఊరి రొట్టె ఆ తలుపులోంచే వస్తుంది. ఆ తరవాత బీరువాలు మోశాడు, పెళ్ళికూతుళ్ళ సామాన్లు మోశాడు, నొప్పులు పడే ఆడవాళ్ళని కుర్చీలో దించాడు. యాభై ఏళ్ళలో ఒక్క గాజు పగలలేదు.

మొన్న జూన్‌లో ఊరు చూడ్డానికి ఒకావిడ రెండు పెద్ద పెట్టెలతో దిగింది. కతాల్దో వాటిని తన కంచరగాడిద బ్రూనా మీద కట్టాడు. అది ఎప్పుడూ లోయ అంచునే నడుస్తుంది. గోడవైపు నడిస్తే బరువు రాళ్ళకి తగులుతుందని దానికి తెలుసు. ఆవిడకి తెలీదు.

"అయ్యయ్యో, నా పెట్టెలు సముద్రంలో పడతాయి! గోడవైపు నడిపించండి బాబూ!"

"అమ్మా, మా బ్రూనాకి నాకంటే ఎక్కువ తెలుసు."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కతాల్దో మనసు వెన్న. యాభై ఏళ్ళలో మొదటిసారి పగ్గం గోడవైపు లాగాడు. పది మెట్లు ఎక్కారో లేదో, పెట్టె మూల పొడుచుకొచ్చిన రాయికి తగిలింది. బ్రూనా అంచుకి తూలింది. కతాల్దో భుజం అడ్డం పెట్టాడు. బ్రూనా నిలబడింది, పెట్టెలు నిలబడ్డాయి. అతనే ఎనిమిది మెట్లు జారి, తుంటి విరిగి పడ్డాడు.

ఆ మెట్లమీదికి బండి రాదు. మా ఊరి మిఖేలు దేవుడి పల్లకీ కర్రలు తెచ్చి, ఎనిమిది మందిమి అతన్ని భుజాలకెత్తుకుని రేవుకి దించాం.

"మిఖేలు దేవుడే నీకంటే తేలిక, బావా!" అన్నాడు రొట్టెల సవేరియో.

"నీ పొయ్యి తలుపు మోసేటప్పుడు నిన్ను ఇలా తిట్టానట్రా?" అన్నాడు కతాల్దో పళ్ళు బిగబట్టి. అంతలోనే, "అంచుకి నడవండ్రా! నా కాలు గోడకి కొడతారు!" అని అరిచాడు. ఇన్నాళ్ళూ అందర్నీ మోసినవాడు, ఆ పూట అరవడం తప్ప ఏం చెయ్యలేకపోయాడు.

పట్నం ఆసుపత్రి డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. "ఇక ఆ మెట్లు మర్చిపోండి. కింద ఇల్లు చూసుకోండి."

భార్య నున్సియాతా మంచం పక్కనే నిలబడి అంది, "ఇల్లు ఇక్కడికి నడిచొస్తుందా అమ్మా? మనిషే అక్కడికి రావాలి."

కతాల్దో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికి వెళ్ళాలా వద్దా అనేది తన చేతిలోనే లేదు.

రోజూ పొద్దున్నే బ్రూనా కట్టు తెంపుకుని ఊరి కింది ద్వారం దాకా వస్తోంది. లోయ అంచునే నిలబడి రేవుకేసి చూస్తోంది. మేమెంత లాగినా మధ్యాహ్నం దాకా కదలదు.

ఏటా సెప్టెంబరు ఆఖర్లో మిఖేలు పండగనాడు దేవుణ్ణి సముద్రం దాకా దించి మళ్ళీ ఎక్కిస్తాం. ఈసారి దేవుడు పైకి చేరాక, మళ్ళీ అవే భుజాలమీద, కతాల్దోని కూడా ఎక్కించాలని నిశ్చయించాం. అతన్ని అడిగితే, "నేనేం చెప్పగలను, మీ భుజాలు మీ ఇష్టం," అన్నాడు. డాక్టరమ్మ ఇంకా సరే అనలేదు.

సవేరియో మాత్రం రొట్టెల కొట్టు తలుపుమీద సుద్దతో రాసేశాడు: కతాల్దో రాక, సెప్టెంబరు ఇరవైతొమ్మిది.