వియత్నాం తాతకు పోసిన చాయ్

ఆత్మలు, దయ్యాలు అని ఎవరైనా మొదలుపెడితే సగంలోనే ఆపించే మనిషిని నేను. నా ముందు ఇలాంటి కథలు చెప్పడం మా చుట్టాలు మానేసి చాలా ఏళ్లయింది. పుట్టింది సూర్యాపేటలో, మా నాన్న ఎర్రజెండా మనిషి. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లు చరిత్ర చెప్పాను. కాబట్టి ఇది చదివి నాకేదో అయిందనుకునే ముందు, తలుపు, తాళం, కిటికీ, పిల్లి అన్నీ చూసుకున్నాకే రాస్తున్నానని గుర్తుంచుకోండి.

వియత్నాం అంటే మా నాన్నకు దగ్గరి చుట్టం పేరు లాంటిది. అంత చిన్న దేశం అంత పెద్ద అమెరికాను ఎలా తరిమిందో అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు. ఆ యుద్ధం ముగిసేసరికి మా కూర చల్లారిపోయేది. ఆ దేశపు మనిషి ఒకరు మిర్యాలగూడలో మా ఇంట్లో కిరాయికి దిగుతారని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు.

ఆమె పేరు లిన్. ముప్పై ఏళ్లుంటాయి. ఇక్కడి రైస్ మిల్లు ఒకదానికి కొత్త మిషన్లు వస్తే, వాటిని బిగించి మనవాళ్లకు నేర్పడానికి ఆరు నెలల కోసం వచ్చింది. వాళ్లది మెకాంగ్ నది పక్కన వరి పండే ఊరు. గింజ కొరికి చూసి తేమ ఎంతుందో చెప్పేది. మా ఇంటి పక్క పోర్షన్ ఆమెకిచ్చాం. అందులో ఇదివరకు మా అత్తమ్మ ఉండేది. ఆమె పోయి రెండేళ్లయింది.

మా నాన్న చెప్పిన వియత్నాంలో దేవుళ్లు లేరు. లిన్ సూట్‌కేసులో ఇద్దరున్నారు.

చిన్న ఎర్రటి చెక్క గూడు, అందులో ఇద్దరు మట్టి ముసలాళ్లు. ఒకాయన సంపద ఇచ్చేవాడట. రెండో ఆయన నేలతల్లికి కాపలా ఉండే తాత. చొక్కా లేదు, పెద్ద బొజ్జ, చేతిలో విసనకర్ర, పకపకా నవ్వు. రోజూ పొద్దున ఆయన ముందు పాలు లేని కాఫీ, వెలిగించిన సిగరెట్టు పెట్టేది. అంతవరకు నాకేం అభ్యంతరం లేదు. గూడు పెట్టిన చోటు చూశాకే ఒళ్లు మండింది. తలవాకిట్లో, నేల మీద, చెప్పుల పక్కన.

దేవుణ్ణి నమ్మకపోవడం వేరు, చెప్పుల పక్కన కూర్చోబెట్టడం వేరు. ఒకరోజు ఆమె మిల్లుకు పోయాక, కారుతున్న నల్లా చూద్దామని నా దగ్గరున్న తాళంచెవితో లోపలికి వెళ్లి, ఇద్దరినీ తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. కింద గుడ్డ కూడా పరిచాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

సాయంత్రం లిన్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కంగారులో వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా పోయి, ఫోన్లో ఏదో మాట్లాడితే అది గంభీరంగా తెలుగులో పలికింది. "భూమి తాతగారు నేలను విడిచి నివసించలేరు. పైనుండి ఆయనకు గృహ సమాచారం అందదు."

మా ఆయన పక్కనుంచి అందుకున్నాడు. "ఇన్నవా? సర్పంచిని తీస్కపోయి నీళ్ల ట్యాంకు ఎక్కిచ్చినవ్."

దింపాం. అప్పుడే లిన్ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల వైపు ఏదైనా వస్తువు పోతే ఈ తాతనే అడుగుతారట. దొరికితే అరటిపండ్లు ఇస్తామని మొక్కుకుంటారు. దొరికాక ఇవ్వకపోతే మళ్లీ దాచేస్తాడట.

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎందుకంటే నాదీ ఒకటి పోయింది.

నా ఎం.ఏ. పట్టా. ఒరిజినల్. అత్తమ్మ పోవడానికి మూడు నెలల ముందు, ఆ యేడు వానలకు ఇల్లు కురుస్తుంటే సామాన్లన్నీ అటూ ఇటూ జరిపాం. అప్పుడు పోయింది. అది పెట్టిన ఫైలు ఆఖరిసారి చూసింది అత్తమ్మ చేతిలో. అడిగితే, "నేనే జాగర్తగ పెట్టిన బిడ్డా, యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు" అంది.

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. కోడలు చదువుకోవడం మొదటినుంచీ ఇష్టం లేదు గనక పొయ్యిలో పెట్టి ఉంటావన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలు మా ఇద్దరి మధ్య మాటల్లేవు. అలాగే పోయింది.

ఇప్పుడు ఆ కాగితం కావాల్సి వచ్చింది. కోదాడలో ఒక స్కూలు వాళ్లు ప్రిన్సిపాల్‌గా రమ్మన్నారు. యాభై రెండేళ్ల వయసులో అలాంటి పిలుపు మళ్లీ రాదు. సోమవారం ఒరిజినల్ చూపించాలి, లేదంటే వరుసలో ఇంకొకాయన ఉన్నాడు. డూప్లికేట్ కోసం అడిగితే నెలలు పడుతుందన్నారు.

ఆ వారమే లిన్ ఏవో వీసా కాగితాల పని మీద మూడు రోజులు హైదరాబాద్ వెళ్లింది. తన తాళంచెవి తనతో తీసుకెళ్లింది, రెండోది నా దగ్గర. పోతూ పోతూ తాతకు పొద్దున కాఫీ, సిగరెట్టు పెట్టమని నా చేతులు పట్టుకుని బతిమాలింది. మూడు సిగరెట్లు లెక్కగా ఇచ్చింది. మొదటిరోజే రెండు మాయమయ్యాయి. అది దయ్యం పని కాదు, పదేళ్ల కింద మానేశానని అందరికీ చెప్పుకునే మా ఆయన పని.

మా ఇంట్లో కాఫీపొడి ఉండదు. అదీగాక ముసలాయనకు పాలు లేని చేదు నీళ్లివ్వడం నాకు మర్యాదగా తోచలేదు. చక్కెర, అల్లం వేసి మంచి చాయ్ పెట్టాను. చేతికి దొరికిన స్టీలు గిలాసలో పోసి గూడు ముందు పెట్టాను. సాయంత్రం చూస్తే మీగడ కట్టి అలాగే ఉంది. సంతృప్తిగా పారబోశాను.

రెండోరోజు శనివారం. చాయ్ పెట్టి, ఆ నవ్వు మొహం చూస్తే కోపమొచ్చింది. "నవ్వింది చాలు. రెండేళ్లయింది పోయి. దొరికిస్తే అరడజను అరటిపండ్లు. లేకపోతే మళ్లీ ఫ్రిజ్ ఎక్కిస్తా" అన్నాను. పైకే అన్నాను. తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకుని వచ్చాను. మా ఆయన అప్పటికే ఏదో పని మీద కోదాడ బస్సెక్కాడు.

పదకొండింటికి ఆ పోర్షన్ వెనక వాకిట్లో బట్టలు ఆరేద్దామని మళ్లీ తాళం తీశాను.

గిలాస బోర్లించి ఉంది.

పడిపోయి కాదు. గూడు ముందు, బండ మీద, నీటుగా బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. కింద చాయ్ లేదు. బండ పొడి. గిలాస లోపల అడుగున రెండు చుక్కలు. కిటికీలన్నిటికీ దోమల జాలీ, ఎక్కడా చిరగలేదు. వెనక తలుపుకు లోపలి గడియ. పిల్లి తాగిందనుకుందామా, తాగి గిలాస బోర్లించే పిల్లి ఉంటే నేనే పెంచుకుంటాను.

అప్పుడు గిలాస మీద చెక్కిన పేరు చూశాను. అత్తమ్మది.

మా అత్తమ్మ చాయ్ తాగాక గిలాస బోర్లించేది. బతిమాలి మళ్లీ పోస్తారని. నోటితో వద్దనే బదులు అదే ఆమె మాట. బోర్లించిందంటే చాలని అర్థం.

అక్కడే కూర్చుండిపోయాను. కూర్చుని పైకి చూస్తే, వంటగది సజ్జ మీద పాత ఇత్తడి గుండిగ కనిపించింది. అన్నం వండే పెద్దది. పెళ్లిళ్లకు తప్ప దింపం. అదీ బోర్లించే ఉంది.

స్టూలేసుకుని ఎక్కాను. గుండిగ కొద్దిగా ఎత్తితే, కింద యూరియా సంచిలో చుట్టి, పైన సుతిలి దారంతో మూడు ముళ్లేసి ఉంది నా ఫైలు. దాని చుట్టూ సజ్జ అంతా వాన కురిసిన మరకలు. ఫైలు మీద ఒక్క చుక్క పడలేదు.

ఆ స్టూలు మీద నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పను.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. గిలాస తెప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు. "నీతోని వాదం పెట్టుకునుడు ఎందుకని, సచ్చినంక గూడ గిలాస బోర్లిచ్చి సప్పుడుజేయక పోయింది మా అమ్మ." కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

సోమవారం కోదాడలో ఉద్యోగం ఖాయమైంది. తాతకు అరడజను కాదు, డజను పండ్లు పెట్టాను. లిన్ వచ్చి, విని, ఏమీ ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగింది. "తాతకు కాఫీ కదా అక్కా. చాయ్ ఎవరికి పోసినవ్?" మిల్లులో అంత తెలుగు నేర్చుకుంది.

నేను అరటిపండొకటి వలిచి ఆమె చేతిలో పెట్టాను.

లిన్ వెళ్లిపోయి నాలుగు నెలలైంది. నేను ఇప్పటికీ నమ్మను. ఆ గుండిగ ఎన్నోసార్లు నా కంట పడే ఉంటుంది, ఆ క్షణాన బుర్ర వెలిగింది, ఇంతవరకు నాకు నేను చెప్పుకోగలను. తాళం వేసిన ఇంట్లో గిలాస ఎవరు బోర్లించారన్నది మాత్రం చెప్పలేను.

అందుకే పరీక్షించాను. అదే చోట, అదే గిలాసలో, అదే అల్లం చాయ్. నెల రోజులు, ప్రతి పొద్దునా. పోసేటప్పుడు, నాదే తప్పు అత్తమ్మా అని కూడా అన్నాను, పైకే. రోజూ సాయంత్రానికి మీగడ కట్టి అలాగే ఉండేది. ఒక్కసారి కూడా కదల్లేదు.

ఆమె అంతే. ఒకసారి బోర్లించాక ఎంత బతిమాలినా మళ్లీ పోయించుకునేది కాదు.