ఆమె లాగిన తాడు

న్యూజెర్సీ బస్సులో పక్కన కూర్చున్న నల్లజాతి ఆవిడ, నా చేతిలోని సీసాలో ఏముందని అడిగింది.

"మజ్జిగ. వేడి చేసి, విరేచనంలో రక్తం పడుతోంది," అన్నాను, పిల్లల్ని చూసే పనిలో నేర్చిన ఇంగ్లీషులో. కూతురికి కూడా చెప్పని మాట అది.

"మా అన్నకీ ఇలాగే రక్తం పడితే మొలలే అనుకున్నాడు. పేగు క్యాన్సర్‌తో పోయాడు. మా నల్లవాళ్లకి ఎప్పుడూ ఆలస్యంగానే బయటపడుతుంది. అదే జబ్బు ముందే దొరికిన పక్కింటి తెల్లాయన ఇంకా ఇంటి ముందు గడ్డి మిషన్‌తో కోస్తున్నాడు. ఆ మిషన్ మోతకి నాకు నిద్రే ఉండదు!" అని నవ్వింది.

ఆసుపత్రి స్టాప్ వస్తుండగా, బస్సు ఆపమనే తాడు ఆమే లాగింది. "దిగు, సిస్టర్. మజ్జిగ లోపల తాగొచ్చు."

దిగాను. నాదీ అదే జబ్బు, చిన్నగా ఉండగానే దొరికింది.

ఇంగ్లీషు అక్షరాలు ఆ తర్వాతే నేర్చుకున్నాను. ఆ స్టాప్ పేరు ఇప్పుడు నేనే చదువుకుంటాను. దిగే పని లేకపోయినా చెయ్యి తాడు మీదికి పోతుంది.