కడబంతి తొట్టెలు

ల్యాబులో ఆవిడను అందరూ వడ్డనక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో. ఇక్కడికి రాకముందు ఏళ్ల తరబడి ఒక హాస్టల్లో పిల్లలకు వడ్డించింది. గరిటె ఆవిడ చేతిలో ఉన్నంతకాలం వార్డెన్ కొడుకు కంచంలో ఒక ముక్క ఎక్కువ పడిందీ లేదు, ఫీజు కట్టని పిల్ల కంచంలో ఒక ముక్క తక్కువ పడిందీ లేదు. వార్డెన్ భార్య ఒకసారి వచ్చి, "మావాడికి కాస్త చూసి వెయ్యి" అంటే, "చూసే వేస్తున్నానమ్మా, అందుకే అంతే పడుతోంది" అందట. పంక్తిభేదం అంటే ఆవిడకు ఒళ్లు మంట. మంచి గుణమే, కాదనం. చివరికి ఆ మంచి గుణమే కొంప ముంచింది.

రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తగిలితే ఇక చూడనక్కర్లేదు, చెరువుకు చెరువే తుడిచిపెట్టుకుపోతుంది. నిన్నటిదాకా కళకళలాడినవి మేత మానేసి గట్టు పక్కకు చేరతాయి. డొప్పల మీద సున్నం చిలకరించినట్టు మచ్చలు తేలతాయి. ఆ జబ్బుకు మందు కనిపెట్టడమే ల్యాబు పని. తొట్టెలు రెండు వరసలు. రెండు వరసలకూ జబ్బు అంటిస్తారు. ముందు వరసకు మందు కలిపిన మేత, వెనక వరసకు ఉత్త మేత. ముందువి బతికి వెనకవి చస్తే మందు మంచిదన్నమాట. ఆ వెనక వరసకు కడబంతి అని పేరు పెట్టింది వడ్డనక్కే. ల్యాబంతా ఆ పేరే ఖాయం చేసుకుంది.

చేరిన కొత్తలో ఒకసారి అడిగింది కూడా. "పాపం, వెనకవాటికి కూడా పెడితే ఏం పోయింది మేడమ్?"

మేడమ్ అంటే ఈ పరీక్షలన్నీ నడిపే ఆవిడ. పెద్ద చదువు, చిన్న వయసు, ఓపిక మాత్రం బోలెడు. "అన్నిటికీ పెడితే, మందు వల్ల బతికాయో వాటంతటవే బతికాయో ఎలా తెలుస్తుంది అక్కా?" అంది.

వడ్డనక్కకు విషయం బోధపడింది. బుర్రకు బోధపడింది గానీ, ఇన్నేళ్లు గరిటె తిప్పిన చేతికి బోధపడలేదు.

మొదట్లో పరీక్షించిన మందులు ఎందుకూ కొరగాలేదు. ముందువీ చచ్చాయి, వెనకవీ చచ్చాయి. చావులోనైనా భేదం లేదు కదా అని ఆవిడ సరిపెట్టుకుంది. ఆ తర్వాత వచ్చింది ఆ గోధుమరంగు పొడి. జబ్బు అంటించాక కూడా ముందు వరస రొయ్యలు మేతకు ఎగబడుతూనే ఉన్నాయి. కడబంతివి మాత్రం ఒక్కొక్కటీ మేత వదిలేశాయి. ఆవిడ అడుగుల చప్పుడు వినగానే మాత్రం అంచుకొచ్చి మీసాలు పైకెత్తేవి. ఆవిడ ఉత్త మేత చల్లేది. అవి దాన్ని చూసి ఊరుకునేవి.

మందు మేత కలిపిన బేసిన్ అడుగున కొంచెం మిగిలింది. కడిగేసి పారబోయాలి, అదీ నియమం. ఎలాగూ పారబోసేదే కదా అని ఆ గుప్పెడూ కడబంతిలో చల్లేసింది. అవి తిన్నాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగుతుందా మనిషి? మర్నాటి నుంచి కాస్త మిగిలేలా కలపడం మొదలుపెట్టింది. ఎవరూ చూడకుండా పెట్టేది, పెట్టి వేళ్ల చివర్లు కూడా కడుక్కునేది. పుణ్యం చేసేవాడు అటూ ఇటూ చూసుకోడని ఆవిడకు అప్పుడు తట్టలేదు.

ఫలితం మీకు తెలిసిపోయే ఉంటుంది. రెండు వరసల్లోనూ కొన్ని చచ్చాయి, ఎక్కువ బతికాయి. తేడా లేదు.

"మందు తిన్నవీ అంతే, తిననివీ అంతే. వాటంతటవే బతికాయి. ఇక మందు చేసిందేముంది?" అని మేడమ్ అందరి ముందూ చెప్పింది. గొంతులో జీవం లేదు. "దీన్ని పక్కన పెట్టేద్దాం. వేరేది చూద్దాం." వెళ్తూ వెళ్తూ వడ్డనక్క భుజం తట్టింది. "మీ చెయ్యి మంచిదక్కా. కడబంతిని కూడా బతికించారు."

ఆ మెచ్చుకోలుకు వడ్డనక్కకు చెంపమీద కొట్టినట్టయింది. మందు బంగారం లాంటిదని లోకంలో తెలిసిన మనిషి తానొక్కతే. దాన్ని చెత్తబుట్టలోకి తోసిందీ తానే.

ఆవిడ తమ్ముడికి చెరువుంది. పక్క చెరువుల్లో తెల్లమచ్చ దిగిందని అప్పటికే బెంగపడుతున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాడు.

"మందు ఏమైందక్కా?"

"పనిచెయ్యలేదంటున్నారు."

"అంటున్నారు సరే. నువ్వేమంటావు?"

ఆవిడ ముఖం తిప్పుకుంది. చిన్నప్పటి నుంచి ఆవిడ ముఖం చదివినవాడు. ఇట్టే పట్టేశాడు.

"పనిచేసింది కదూ? అయితే పారేసే ఆ మేతేదో నాకు పట్టుకొచ్చెయ్. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అన్నారా?" అని నవ్వాడు.

మర్నాడు మిగిలిన మేతంతా ఒక సంచీలో పోసి మూతి కట్టింది. గేటు దాకా మోసుకొచ్చింది కూడా. అక్కడ ఆగిపోయింది. తమ్ముడి చెరువు పక్కన ఇంకెన్ని చెరువులు లేవు? వాళ్లకు అక్కలు లేరు, అంతే తేడా. వార్డెన్ భార్యను నలుగురిలో కడిగేసిన మనిషి, ఇప్పుడు తనవాడి కంచంలో చాటుగా ముక్క వెయ్యబోతోంది. సంచీ రాయిలా బరువెక్కింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వెనక్కి తిరిగి నేరుగా మేడమ్ గదికి వెళ్లి, సంచీ బల్ల మీద పెట్టింది.

"మేడమ్, కడబంతికి నేనే పెట్టాను."

"ఏం పెట్టారు?"

"ముందు వరసది. అవి మేత మానేసిన దగ్గర్నుంచీ."

మేడమ్ కళ్లజోడు తీసి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. తిడుతుందనుకుంది వడ్డనక్క. తిడితే బాగుండుననుకుంది.

"నేను మందు తయారుచెయ్యడంలోనే తప్పుందనుకున్నాను అక్కా," అంది మేడమ్. "నాకీ పని చేతకాదేమో, మానేద్దామా అని కూడా అనుకున్నాను."

ఇన్నాళ్లూ రొయ్యల మీద జాలిపడింది గానీ, ఈ పిల్ల మీద పడటం వడ్డనక్కకు తోచనేలేదు. తలెత్తలేకపోయింది. "పనిలోంచి తీసెయ్యండి" అంది.

"తీసేస్తే నాకేం లాభం? మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. కొత్త రొయ్యలు తెప్పిస్తాను. ఈసారి ముందు వరస నేను చూసుకుంటాను. కడబంతి మీది."

కొత్త రొయ్యలు వచ్చాయి. అవి కాస్త పెరగాలి, తర్వాత జబ్బు అంటించాలి, ఆ తర్వాత కాచుకోవాలి. జబ్బు వీటన్నిటి కోసం ఆగుతుందా? తమ్ముడి చెరువులో రొయ్యలు గట్టు పక్కకు చేరాయి.

"ఇప్పటికైనా ఇవ్వక్కా," అన్నాడు ఫోన్లో. ఈసారి నవ్వలేదు.

"ఇంకా తేలలేదురా."

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నా మాట మీద నీ ఒక్కడికే ఇస్తే..." అని ఆగిపోయింది.

"నన్నూ కడబంతిలోనే కూర్చోబెట్టావన్నమాట," అని తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. తాను చెయ్యి అదుపులో పెట్టుకుని ఉంటే ఆ మందు ఈపాటికి వాడి చెరువులో ఉండేదని చెప్పే ధైర్యం ఆవిడకు లేకపోయింది.

ల్యాబులో కడబంతి రొయ్యలు మేత మానేశాయి. ఆవిడ అడుగుల చప్పుడుకు అంచుకొచ్చి మీసాలెత్తాయి. ఆవిడ ఉత్త మేత చల్లింది. పక్కనే బేసిన్‌లో మేడమ్ కలిపిన మందు మేత ఉంది. అటు చూడలేదు. చేతులు చీర కొంగులో చుట్టుకుని అక్కడే నిలబడింది. వెళ్లిపోవచ్చు, ఎవరూ వద్దనలేదు. కానీ అవి తననే చూస్తున్నాయనిపించి కదల్లేకపోయింది. కడబంతి ఖాళీ అయ్యేదాకా రోజూ అలాగే నిలబడింది. చచ్చినవాటిని తన చేత్తోనే వలతో ఎత్తింది.

ముందు వరస బతికింది.

"తేలిందక్కా. ఇక చెరువులకు ఇవ్వొచ్చు," అంది మేడమ్. కళ్లలో నీళ్లు. వడ్డనక్కను పట్టుకుని ఊపేసింది.

వడ్డనక్క వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"మందు పనిచేసిందిరా. రేపు తెస్తాను."

అవతల దూరంగా నీళ్లు తోడే ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"చెరువు ఎండగడుతున్నానక్కా," అన్నాడు తమ్ముడు. "పక్కవాళ్లది ఇంకా ఉంది. వాళ్లకివ్వు."

"ఊఁ" అంది వడ్డనక్క.